యూరప్‌లో రైలు టికెట్లు తక్కువ ధరకు: ఏది ముందే కొనాలి, ఏది ఆగి కొనాలి

యూరప్ ట్రిప్ అనగానే చాలామంది రెండు రకాలుగా పొరపాటు చేస్తారు. కొందరు వీసా రాకముందే అన్ని టికెట్లూ కొనేసి తర్వాత టెన్షన్ పడతారు. ఇంకొందరు అక్కడికి వెళ్లాక స్టేషన్లో తీసుకుందామనుకుని, నెల క్రితం 35 యూరోలున్న టికెట్‌కి 120 యూరోలు కడతారు.

అన్ని టికెట్లకూ ఒకే పద్ధతి పనికిరాదు. కొన్నిటిని తొందరగా కొనాలి, కొన్నిటిని అసలు ముందు కొనక్కర్లేదు, కొన్నిటికి పాస్ తీసుకుంటేనే గిట్టుబాటు. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువే. హైదరాబాద్ నుంచి వెళ్లే ఒక కుటుంబం పారిస్, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్, ఆపై ఇటలీలో మిలాన్, వెనిస్, రోమ్ చూసి వస్తుందనుకుని చెప్తాను. మీ ఊళ్లు వేరైనా వరుస ఇదే.

## 1. ముందు మన రైల్వే అలవాట్లు పక్కన పెట్టండి

మన దగ్గర స్లీపర్ టికెట్ 60 రోజుల ముందు కొన్నా, వారం ముందు కొన్నా ధర ఒకటే. తత్కాల్, ఫ్లెక్సీ ఫేర్ రైళ్ల సంగతి వేరు. యూరప్‌లో దూరప్రయాణ రైళ్లకు విమానం టికెట్‌లాగే ధర మారుతుంది. ఒక్కో రైల్లో చవక కోటా కొంత ఉంటుంది, అది అయిపోగానే పై మెట్టు ధర మొదలవుతుంది.

వెయిటింగ్ లిస్ట్, ఆర్‌ఏసీ లాంటివి లేవు. చార్ట్ కోసం ఎదురుచూడటమూ లేదు.

సీటు విషయంలో దేశానికో లెక్క. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారొస్సా అనే వేగపు రైళ్లలో సీటు నంబరు టికెట్‌తోనే వస్తుంది. జర్మనీలో అలా కాదు. అక్కడి వేగపు రైలు ఐసీఈకి టికెట్ కొంటే ఎక్కే హక్కు వస్తుంది కానీ సీటు రాదు. సీటు రిజర్వేషన్‌కి మనిషికి సుమారు 5 యూరోలు విడిగా కట్టాలి. ఒక్కరే అయితే వదిలేసినా ఫర్వాలేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో, అదీ శుక్రవారం సాయంత్రం వెళ్తుంటే మాత్రం ఆ 5 యూరోలకు కక్కుర్తి పడొద్దు. గంటల తరబడి కారిడార్లో సూట్‌కేసు మీద కూర్చోవాల్సి వస్తుంది.

## 2. వీసా సంగతి తేలేవరకు ఏం కొనాలి?

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు అందాక మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజుల దాకా పోతుంది. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు దీనికి అదనం. మరోవైపు చవక టికెట్లేమో రోజురోజుకీ తగ్గిపోతుంటాయి.

నా సలహా: టికెట్ల కోసం కాదు, వీసా కోసం తొందరపడండి. నాలుగు నెలల ముందే వీసా పని మొదలుపెడితే, పాస్‌పోర్ట్ చేతికొచ్చేసరికి చవక కోటా ఇంకా ఉంటుంది. వీసా రాకముందే డబ్బు వెనక్కి రాని టికెట్ కొంటే అసలుకే ఎసరు. వీసా చెక్‌లిస్ట్‌లో ఊళ్ల మధ్య ప్రయాణానికి టికెట్లు కచ్చితంగా అడిగితే, కొద్దిపాటి కోతతో రద్దు చేసుకోగలిగే రకమే తీసుకోండి.

లండన్ కూడా కలిపేవాళ్లకు ఒక మాట. పారిస్ నుంచి లండన్‌కి యూరోస్టార్ రైల్లో రెండుంపావు గంటల ప్రయాణమే. అయితే షెంగెన్ వీసాతో అది ఎక్కనివ్వరు, బ్రిటన్ వీసా విడిగా ఉండాలి.

కొనడం మొదలుపెట్టేముందు ఇవి చేతిలో ఉండాలి:

- వీసా ముద్రపడిన పాస్‌పోర్ట్, అందులో ఉన్నట్టే రాసుకున్న పేర్లు
- ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారో రాసిన పట్టిక
- హోటల్‌కి ఏ స్టేషన్ దగ్గరో రాసుకున్న కాగితం
- ప్రయాణం రోజుకి పిల్లల వయసులు
- విదేశీ చెల్లింపులకు సిద్ధం చేసిన కార్డు

పిల్లల వయసు విషయంలోనే చాలా డబ్బు మిగులుతుంది. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో 6 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఫ్రాన్స్, ఇటలీల్లో 4 ఏళ్లలోపు పిల్లలు ఒళ్లో కూర్చుంటే ఉచితం. జర్మనీలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లతో కలిసి వెళ్తే ఉచితమే. కాకపోతే బుక్ చేసేటప్పుడే వాళ్లను టికెట్లో చేర్చాలి. ఎలాగూ ఉచితమే కదా అని వదిలేస్తే రైల్లో చిక్కు.

## 3. ప్రయాణాన్ని మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప, ధర పెరిగేవి. టీజీవీ, పారిస్-స్విట్జర్లాండ్ మధ్య తిరిగే లిరియా, యూరోస్టార్, జర్మనీ ఐసీఈ, ఇటలీలో ఫ్రెచ్చారొస్సా, ఇటాలో, రాత్రిపూట నడిచే నైట్‌జెట్. వీసా రాగానే ముందు కొనాల్సినవి ఇవే.

రెండో కుప్ప, ధర మారనివి. ఇటలీలో రెజినాలె అనే లోకల్ రైళ్లు, జర్మనీలో లోకల్ రైళ్లు, అన్ని ఊళ్లలో మెట్రో, ట్రామ్. ఇవి అయిపోవడం అంటూ ఉండదు. రెజినాలె టికెట్ రెండు నెలల ముందు కొన్నా, పది నిమిషాల ముందు కొన్నా అదే ధర. ముందే కొని తేదీకి కట్టుబడటం అనవసరం.

మూడో కుప్ప, పాస్‌తో తేలేవి. స్విట్జర్లాండ్ లోపలి ప్రయాణాలు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి.

మన ఉదాహరణలో పారిస్-లూసర్న్, లూసర్న్-మిలాన్, మిలాన్-వెనిస్, వెనిస్-రోమ్ మొదటి కుప్పలోవి. లూసర్న్ చుట్టుపక్కల కొండలు, పడవలు మూడో కుప్ప. రోమ్ నుంచి చుట్టుపక్కల ఊళ్లకు లోకల్ రైల్లో వెళ్లి రావడం రెండో కుప్ప.

## 4. వెతకడం: ముందు సమయాలు, తర్వాత ధర

1. జర్మన్ రైల్వే సైట్లో గానీ, వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో గానీ రైళ్ల సమయాలు చూడండి. వాళ్లు అమ్మని రైళ్లవి కూడా, యూరప్‌లోని చాలా దేశాల వేళలు అందులో కనిపిస్తాయి.

2. ఆ రైలు నడిపే సంస్థ సొంత సైట్‌కి వెళ్లి ధర చూడండి. ఫ్రాన్స్‌కి ఎస్‌ఎన్‌సీఎఫ్ కనెక్ట్, ఇటలీకి ట్రెనిటాలియా, ఇటాలో, జర్మనీకి డీబీ, ఆస్ట్రియాకి ఓబీబీ, స్విట్జర్లాండ్‌కి ఎస్‌బీబీ. అన్ని దేశాల టికెట్లూ ఒకచోట అమ్మే మధ్యవర్తి సైట్లు సౌకర్యమే, కానీ చాలావరకు సర్వీస్ ఫీజు కలుపుతాయి. రైలు రద్దయితే డబ్బు కోసం మళ్లీ వాళ్ల చుట్టూనే తిరగాలి.

3. ఊరి పేరు అక్కడివాళ్లు రాసే పద్ధతిలో టైప్ చేయండి. ఫ్లోరెన్స్ అంటే ఫిరెంజె, వెనిస్ అంటే వెనెజియా, వియన్నా అంటే వీన్, ప్రేగ్ అంటే ప్రాహా. మ్యాప్ తెరిచి స్టేషన్ బోర్డు మీది స్పెల్లింగ్ కాపీ చేసుకుంటే గొడవ ఉండదు.

4. ఏ స్టేషనో చూసుకోండి. గార్ ద లియోన్ లియోన్ నగరంలో లేదు, పారిస్‌లో ఉంది. స్విట్జర్లాండ్ వైపు రైళ్లు బయల్దేరేది అక్కడి నుంచే. వెనిస్‌లో కాలువల మధ్యకు తీసుకెళ్లేది శాంటా లూసియా, మెస్ట్రె స్టేషన్ నీటికి ఇవతలి గట్టున ఉంటుంది. హోటల్ మెస్ట్రెలో తీసుకుని టికెట్ శాంటా లూసియాకి కొనేవాళ్లు చాలామంది.

5. ఒకే రోజులో వేర్వేరు రైళ్ల ధరలు పోల్చండి. జర్మన్ సైట్లో రోజంతటిలో చవకైన రైలును చూపించే అవకాశం ఉంది. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం రైళ్లు తరచుగా తక్కువకే దొరుకుతాయి. శుక్ర, ఆదివారాల సాయంత్రాలు వదిలేయండి.

6. సరిహద్దు దాటే రైలైతే రెండు దేశాల సైట్లూ చూడండి. ప్రేగ్-బెర్లిన్ టికెట్ చెక్ రైల్వే సైట్లో, మ్యూనిక్-వియన్నా టికెట్ ఓబీబీలో, అదే రైలుకి జర్మన్ సైట్ కన్నా తక్కువకు దొరకడం మామూలే.

7. నలుగురికి కలిపి వెతికినప్పుడు ధర ఎక్కువనిపిస్తే ఇద్దరికి వెతికి చూడండి. చవక కోటాలో రెండు సీట్లే మిగిలి ఉంటే, కొన్ని సైట్లు నలుగురికీ పై మెట్టు ధరే చూపిస్తాయి. అయితే పిల్లలున్న టికెట్‌ని పెద్దవాళ్ల నుంచి విడదీయకండి.

టికెట్లు ఎప్పుడు తెరుస్తారన్నది సంస్థను బట్టి ఉంటుంది. జర్మనీలో కనీసం 6 నెలల ముందే దొరుకుతాయి. ఫ్రాన్స్‌లో ఒక సీజన్ మొత్తానికి ఒకేసారి అమ్మకం మొదలుపెడతారు, ఆ తేదీని ముందే ప్రకటిస్తారు. డిసెంబర్ మధ్యలో యూరప్ అంతటా టైమ్‌టేబుల్ మారుతుంది కాబట్టి క్రిస్మస్ సెలవుల టికెట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. సెప్టెంబర్లో వెతికి రైలే లేదని కంగారుపడొద్దు.

## 5. టికెట్ రకం చదవకుండా డబ్బు కట్టొద్దు

చవకగా కనిపించే ప్రతి టికెట్ వెనకా ఒక షరతు ఉంటుంది. జర్మనీ ఉదాహరణ చూడండి.

- సూపర్ స్పార్‌ప్రైస్: అన్నిటికన్నా చవక. ఆ రైల్లోనే వెళ్లాలి. రద్దు లేదు, డబ్బు వెనక్కి రాదు.
- స్పార్‌ప్రైస్: ఇదీ ఆ రైలుకే. కానీ ప్రయాణం రోజుకి ముందు 10 యూరోల కోతతో రద్దు చేసుకోవచ్చు, మిగతాది వోచర్‌గా ఇస్తారు.
- ఫ్లెక్స్‌ప్రైస్: ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. ధర చాలా ఎక్కువ.

మొదటి రెండింటికీ తేడా నాలుగైదు యూరోలే ఉంటే నేనైతే రెండోదే తీసుకుంటాను. తేడా 20 దాటితే, తేదీ ఖాయమైనప్పుడు మొదటిదే మేలు.

ఇటలీలో ట్రెనిటాలియాది కూడా ఇలాంటి మూడు మెట్ల పద్ధతే. సూపర్ ఎకానమీకి మార్పూ లేదు, రిఫండూ లేదు. ఎకానమీలో పరిమితంగా మార్చుకోవచ్చు. బేస్‌లో స్వేచ్ఛ ఎక్కువ. అక్కడ ఇంకో లాభం ఏమిటంటే మిలాన్-వెనిస్, వెనిస్-రోమ్ దారుల్లో ఇటాలో అనే ప్రైవేటు సంస్థ కూడా పోటీగా నడుస్తోంది. రెండు సైట్లూ పక్కపక్కన తెరిచి చూడకుండా ఇటలీ టికెట్ కొనకండి.

ఫ్రాన్స్‌లో విగో అనే చవక రైళ్లున్నాయి. వాటిలో చిన్న సంచి, క్యాబిన్ బ్యాగు వరకే టికెట్లో కలిసి ఉంటాయి, పెద్ద సూట్‌కేసుకి అదనంగా కట్టాలి. ఆవకాయ సీసాలతో సహా రెండేసి పెద్ద పెట్టెలు మోసే మన కుటుంబాలు ఆ ఖర్చు కలిపి చూస్తే మామూలు టీజీవీ దగ్గరదగ్గరకే వస్తుంది.

## 6. డబ్బు కట్టే దగ్గర జాగ్రత్తలు

1. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు ఆన్ చేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల కొత్త కార్డులు దేశం లోపలి వాడకానికే వస్తాయి. కార్డు తిరస్కరించడానికి చాలాసార్లు కారణం ఇదే.

2. ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు కలిపే ఫీజు, ఎంతో చూసుకోండి. చాలా కార్డులు 3.5 శాతం దాకా తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 400 యూరోల టికెట్లకు 16 యూరోలకు పైగా అదనం. మార్కప్ లేని కార్డు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే దాంతోనే కట్టండి.

3. రూపాయల్లో కడతారా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లది, నష్టం మనది.

4. ఓటీపీ వచ్చే సిమ్ పనిచేస్తూ ఉండాలి. విదేశంలో ఉండగా కొనాల్సి వస్తే రోమింగ్‌లో ఎస్‌ఎంఎస్ వస్తుందో లేదో బయల్దేరకముందే సరిచూసుకోండి.

5. మెయిల్‌కి వచ్చిన పీడీఎఫ్ వెంటనే తెరిచి తేదీ, పేరు, స్టేషన్ చూడండి. 05.06 అంటే అక్కడ జూన్ 5.

## 7. స్విట్జర్లాండ్ లెక్క విడిగా వేయాలి

ఇక్కడ తొందరపడి స్విస్ ట్రావెల్ పాస్ కొనేవాళ్లే ఎక్కువ. పాస్ మంచిదే. రైళ్లు, బస్సులు, పడవలు, చాలా మ్యూజియాలు అందులోకి వస్తాయి, రిగి కొండ కూడా పూర్తిగా వస్తుంది. కానీ మనవాళ్లలో చాలామంది వెళ్లేది యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండ చూడటానికి. అక్కడ పాస్‌కి వెంగెన్ లేదా గ్రిండెల్‌వాల్డ్ ఊరి నుంచి పైకి 25 శాతమే తగ్గింపు.

హాఫ్ ఫేర్ కార్డు ఉంటే అదే కొండకు సగం ధర. 2025 నుంచి పర్యాటకులకు ఈ కార్డు 150 స్విస్ ఫ్రాంకులు, నెల రోజులు చెల్లుతుంది. ఇంటర్‌లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి రానుపోను సీజన్లో 200 ఫ్రాంకులు దాటుతుంది. ఆ ఒక్క కొండతోనే కార్డు ఖర్చు చాలావరకు తిరిగొచ్చేస్తుంది. మిగతా ప్రతి టికెట్టూ సగం ధరకే కాబట్టి అక్కడి నుంచి అంతా లాభమే.

లెక్క ఇలా వేయండి:

- వెళ్లే ప్రతి చోటికీ ఎస్‌బీబీ యాప్‌లో హాఫ్ ఫేర్ ఎంచుకుని ధర రాయండి
- ఆ మొత్తానికి కార్డు ధర కలపండి
- అన్ని రోజులకూ పాస్ ధర, పాస్‌లో లేని కొండల ఖర్చు పక్కన రాయండి
- ఏదో ఒక్క రోజే ఎక్కువ తిరిగేటట్టుంటే సేవర్ డే పాస్ చూడండి, ముందే కొంటే చవక

రోజూ ఊరు మారుతూ, పడవల్లో తిరిగేవాళ్లకు పాస్. ఒక ఊళ్లో ఉండి రెండు పెద్ద కొండలెక్కేవాళ్లకు హాఫ్ ఫేర్ కార్డు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలుంటే దాంతోపాటు ఫ్యామిలీ కార్డు అడగండి. అది ఉచితం, దాంతో పిల్లలకు ప్రయాణమూ ఉచితం.

చాలా దేశాల రైళ్లకు కలిపి ఒకటే ఇచ్చే యూరైల్ పాస్ గురించి చాలామంది అడుగుతారు. నాలుగైదు ఊళ్లు చూసి వచ్చే కుటుంబానికి అది సాధారణంగా గిట్టదు. ఫ్రాన్స్, ఇటలీ వేగపు రైళ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి. నెలరోజులు తేదీల్లేకుండా తిరిగే కుర్రాళ్లకైతే బాగుంటుంది, 27 ఏళ్ల వరకు తగ్గింపు కూడా ఉంది.

జర్మనీలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు డాయిచ్‌లాండ్ టికెట్ చూడొచ్చు. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు దేశమంతటా ఎక్కొచ్చు, ఐసీఈ మాత్రం ఎక్కకూడదు. ఇది నెలనెలా కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కట్ అవుతుంది.

## 8. ప్రయాణం రోజు

టికెట్ కొనడంతో పని అయిపోలేదు, ఇల్లు అలకగానే పండగ కాదు.

- ఇటలీలో కాగితం రెజినాలె టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరున్న మెషిన్లో పెట్టి ముద్ర వేయించాలి. ఫోన్లో కొన్నదైతే చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ ఉన్నా ఇది చేయకపోతే ఫైన్ వేస్తారు. ఫ్రెచ్చారొస్సాకి ఈ బెడద లేదు.
- ఫ్రాన్స్‌లో ప్లాట్‌ఫామ్ నంబరు దాదాపు 20 నిమిషాల ముందే తెలుస్తుంది. తలుపులు 2 నిమిషాల ముందే మూసేస్తారు.
- లండన్ వెళ్లే యూరోస్టార్‌కి పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటుంది. గంటన్నర ముందే చేరుకోండి.
- కొన్ని రైళ్లు మధ్యలో రెండుగా విడిపోయి వేర్వేరు ఊళ్లకు పోతాయి. కోచ్ పక్కనున్న బోర్డు మీద మీ ఊరి పేరు చూసి ఎక్కండి.
- కూలీలు ఉండరు. పెట్టె మీరే ఎత్తగలిగేంత ఉండాలి.
- పీడీఎఫ్ ఫోన్లో సేవ్ చేసుకోండి, సొరంగాల్లో నెట్ రాదు.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

విమానం దిగగానే రైలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉదయం 7కి దిగి 8:15 ఐసీఈకి సూపర్ స్పార్‌ప్రైస్ కొంటారు. విమానం ఆలస్యమైతే రైల్వే బాధ్యత లేదు, టికెట్ పోయినట్టే. కనీసం మూడు గంటలు వదలండి. లేదా ఆ ఒక్క ప్రయాణానికి ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ తీసుకోండి.

ముక్కలు చేసి కొనడం. పారిస్-బాసెల్ ఒక టికెట్, బాసెల్-లూసర్న్ ఇంకో టికెట్. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే అడిగే హక్కు తగ్గుతుంది. ముక్కలుగా కొంటే బాగా మిగులుతున్నప్పుడే అలా చేయండి. అప్పుడు కూడా రెండో ముక్క ఏ రైలుకైనా చెల్లేదిగా ఉండాలి. స్విట్జర్లాండ్‌లో మామూలు టికెట్ అలాంటిదే.

పేరులో తప్పు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా లేనివాళ్లకు రెండు గడులు నింపడంలో గందరగోళం వస్తుంది. వీసా మీద ఎలా ఉందో అలాగే నింపండి. తప్పు పడితే ప్రయాణం రోజు దాకా ఆగకుండా వెంటనే టికెట్ అమ్మిన సంస్థకి రాసి అడగండి.

తిరుగు ప్రయాణం చివరి రైలు. రోమ్‌లో విమానం మధ్యాహ్నం ఉంటే వెనిస్ నుంచి అదే రోజు ఉదయం బయల్దేరడం దుస్సాహసం. ముందు రోజు రాత్రికే రోమ్ చేరండి.

## 10. రైలు ఆలస్యమైతే

జర్మనీలో మీ రైలు గమ్యానికి 20 నిమిషాలకు మించి ఆలస్యంగా చేరుతుందని తేలితే, ఆ రైల్లోనే వెళ్లాలన్న షరతు పోతుంది. చవక టికెట్‌తోనే మరో రైలు ఎక్కొచ్చు. యాప్‌లో ఆ సమాచారాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, టికెట్ తనిఖీ చేసేవాళ్లు అడిగితే చూపించడానికి.

యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గంట నుంచి రెండు గంటల లోపు ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు, ఆపైన అయితే 50 శాతం పరిహారం అడగొచ్చు. భారీ తుఫాను లాంటి కారణాలకు మినహాయింపు ఉంది. దరఖాస్తుకి 3 నెలల గడువు, కాబట్టి ఇంటికొచ్చాక తీరిగ్గా చేసుకున్నా సరిపోతుంది. టికెట్ పీడీఎఫ్, ఆలస్యం స్క్రీన్‌షాట్ అప్పటిదాకా చెరిపేయకండి. పరిహారం 4 యూరోల లోపైతే ఇవ్వకుండా ఉండే వీలు సంస్థలకు ఉంది. 15 యూరోల టికెట్ మీద గంటన్నర ఆలస్యానికి వచ్చేది 3 యూరోల 75 సెంట్లే, దానికోసం ఫారం నింపే శ్రమ వద్దు.